తెల్ల పలక తిప్పిన ఇల్లు

ఈ చలికాలంలో ఇది నాలుగో తుఫాను. మొదటిది దారి తప్పి ఎటో పోయింది. రెండోది వచ్చి నాలుగు చినుకులు రాల్చి వెళ్ళింది. మూడోది సగం మాట నిలబెట్టుకుని, రెండు పడవలు పగలగొట్టి బడి ప్రహరీ గోడ కూల్చింది. మూడుసార్లూ దిగువ వీధి జనాన్ని ఇళ్ళు ఖాళీ చేయించి, ఎగువన ఉన్న బడి హాల్లో రెండేసి రోజులు ఉంచింది నేనే. తిరిగి ఇళ్ళకు వెళ్ళేటప్పుడు వాళ్ళు నన్ను చూసే చూపుంది చూశారూ, ఆ గాలినీ వాననూ నేనే వెంటపెట్టుకుని వచ్చినట్టుంటుంది.

ఆఫీసు కాగితాల్లో నేను వీధి పర్యవేక్షకురాలిని. వీధిలో మాత్రం తుఫానమ్మని. "తుఫానమ్మ వస్తోంది, మూటలు కట్టుకోండి" అని నా మొహానే అంటారు. మొదట్లో ఒళ్ళు మండేది. ఇరవై రెండేళ్ళు తిరిగేసరికి మోకాళ్ళతోపాటు కోపం కూడా అరిగిపోయింది.

చలి ముదరకముందే మా పని మొదలవుతుంది. సంఘం హాల్లో కుర్చీలు వేయించి, బల్ల మీద ఒక సంచీ పెట్టుకుని నిలబడతాను. మూడు రోజుల బట్టలు, పది రోజుల మందులు, టార్చిలైటు, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన కాగితాలు, మంచినీళ్ళ సీసా, కళ్ళజోడు. ఒక్కొక్కటే తీసి చూపించి మళ్ళీ లోపల పెడతాను. గ్యాసు ఎలా కట్టాలో, కరెంటు ఎక్కడ ఆపాలో, కిటికీలకు చెక్కలు ఎటునుంచి బిగించాలో, గుమ్మం ముందు ఇసుక బస్తాలు ఎలా పేర్చాలో చెబుతాను. జనం టీ తాగుతారు. ముందు వరసలో సెలూన్ ఆయన కూర్చుని, నేను అనబోయే మాట నాకంటే ముందే అందిస్తుంటాడు. "కళ్ళజోడు చెప్పడం మర్చిపోయారు మేడమ్" అంటాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది అని విసుక్కోవడానికి కూడా లేదు. అందరికీ బాగానే వినపడుతుంది, అంతా కంఠతా వచ్చు. తీరా ఆ రోజు వచ్చాక కుర్చీలోంచి లేవడానికే ఒళ్ళు వంగదు.

వాళ్ళనేం అనను. నాకూ వంగడం లేదు.

దిగువ వీధికి ఒక పద్ధతి ఉంది. ప్రతి ఇంటి వీధి తలుపు పక్కనా మేకుకు అరచెయ్యంత రేకు పలక వేలాడుతుంటుంది. ఒకవైపు ఎరుపు, రెండోవైపు తెలుపు. ఎరుపు కనపడుతుంటే లోపల మనుషులున్నారని అర్థం. ఇల్లు వదిలి బడి హాలుకు బయల్దేరేవాళ్ళు తెలుపు వైపు తిప్పి వెళ్ళాలి. మేడ మీద ఉండేవాళ్ళ పలకలు కూడా కిందే, వీధి తలుపు పక్కనే ఉంటాయి, చూసేవాళ్ళకు మెట్లెక్కే పని లేకుండా. తెల్ల పలక కనపడితే ఆగకూడదు, తట్టకూడదు. పుస్తకంలో ఆ ఇంటి ఎదురుగా టిక్కు పెట్టి పక్కింటికి పోవాలి.

ఆ పద్ధతి పెట్టింది మా పిన్ని. నాకంటే ముందు ఈ ఉద్యోగం ఆమెదే. పలకలు లేని రోజుల్లో ఒక తుఫానుకు ఆమె, ఇంకో ఉద్యోగి కలిసి ఇంటింటి తలుపూ బాదుకుంటూ వెళ్ళారట. సగం ఇళ్ళు అప్పటికే ఖాళీ. ఖాళీ ఇళ్ళ ముందు నిలబడి అరిచి అరిచి వీధి చివరికి చేరేసరికి గేటు మూసే వేళయింది. వీధి మొదట్లో ఇనప గేటుంది, సముద్రం పొంగితే నీళ్ళు ఊళ్ళోకి రాకుండా. ఒకసారి మూశారంటే తుఫాను దాటేదాకా తెరవరు. ఒక్కరి కోసం తెరిస్తే ఊరు మునుగుతుంది. ఆ రోజు గేటు మూసేటప్పటికి చివరి రెండిళ్ళూ చూడలేదు. ఒక దాంట్లో తల్లీ ఇద్దరు పిల్లలూ ఉన్నారని రెండు రోజుల తర్వాత తెలిసింది.

నెల తిరక్కుండా పిన్ని అరవై ఒక్క రేకు ముక్కలు కోయించి, డాబా మీద ఆరబెట్టి రంగులు వేసింది. ఎరుపు వేసింది నేను. అప్పుడు నాకు పదిహేనేళ్ళు. "ఖాళీ ఇంటి ముందు నువ్వు నిలబడిన ప్రతి నిమిషం ఇంకెవరి నెత్తి మీదో పడుతుందే. గుర్తు పెట్టుకో" అని అప్పుడు చెప్పింది. తర్వాత ఒక వందసార్లు చెప్పింది. వీధి అంతా ఆమెను ఇప్పటికీ పలకల పిన్ని అనే అంటుంది.

మా అమ్మ పోయేనాటికి నాకు తొమ్మిదేళ్ళు. పిన్ని పెళ్ళి మాట ఎవర్నీ ఎత్తనివ్వకుండా నన్ను పెంచింది. ఇప్పుడు ఆమెకు డెబ్భై ఎనిమిది. దిగువ వీధిలో చిట్టచివరి ఇంట్లో, మేడ మీది వాటాలో ఒక్కతే ఉంటుంది. కింది వాటాలో టైలరమ్మ కుటుంబం ఉంటుంది. నిరుడు జారిపడి తుంటి ఎముక విరిగినప్పటి నుంచి పిన్నికి చేతికర్ర లేనిదే అడుగు పడదు. మెట్లు ఇరవై నాలుగు, నిట్టనిలువుగా ఉంటాయి. మా ఇంటికి వచ్చెయ్యమంటే రాదు. "మీ కిటికీలోంచి ఎదుటివాళ్ళ గోడ తప్ప ఏం కనపడుతుందే" అంటుంది. మొండితనంలో ఆమెకు ఆమే సాటి.

మూడో తుఫానుకు ఆమెను నేనూ, మా బండి డ్రైవరూ కుర్చీలో కూర్చోబెట్టి బెల్టులు కట్టి దించాం. డ్రైవర్ పేరు తాపీ. అసలు పేరు జీతాల పుస్తకంలో ఉంటుంది, ఎవరూ పిలవరు. నిప్పంటుకున్నా చెప్పులు వెతుక్కుని గానీ బయటికి రాని రకం. మెట్టు మెట్టుకూ ఆగుతూ, "అక్కా, గోడ తగులుతుంది, చూసుకో" అంటూ దించాడు. చివరి మెట్టు మీద నేను కూలబడిపోయాను. నడుము పట్టేసింది. తడిసిన సాక్సుల్లో వేళ్ళు కొంకర్లు పోయాయి. అప్పుడు నా నోటి వెంట ఒక మాట వచ్చింది.

"నీ ఒక్క ఇంటికే అరగంట పట్టింది పిన్నీ. ఈ అరగంటలో నాలుగిళ్ళు అయ్యేవి."

అలసటలో అన్నాను. ఇంకెవరైనా ఒంటికాలి మీద లేచేవాళ్ళు. పిన్ని మాత్రం లెక్క సరిచూసుకున్నట్టు తల ఊపింది.

"అవునే. నాలుగిళ్ళు" అంది.

అంతటితో ఆ మాట నేను మర్చిపోయాను.

నాలుగో తుఫాను రోజు ఏడింటికి పిన్నే ఫోన్ చేసింది. అప్పటికే మంచు కలిసిన వాన కిటికీ మీద ఇసుక చల్లినట్టు కొడుతోంది. గేటు మూడింటికి మూస్తామని ఆఫీసు నుంచి కబురొచ్చింది. ఈసారి నిజంగా పెద్దదేనని చెప్పారు. మూడుసార్లూ అదే చెప్పారు.

"నేను టైలరమ్మ వాళ్ళతో మొదటి బండిలో వెళ్ళిపోతున్నానే. వాళ్ళ అల్లుడు వచ్చాడు, నన్ను పట్టుకుని దించుతాడట. నువ్వు నాకోసం చివరిదాకా పరిగెత్తుకురాకు" అంది.

"మందులు పెట్టుకున్నావా?"

"నాకు నేర్పుతున్నావా? ఆ సంచీ ఎలా సర్దాలో నీకు చెప్పిందెవరు?"

"సరే పిన్నీ. హాల్లో కలుస్తా."

ఫోన్ పెట్టేశాక ఒక్కసారిగా ప్రాణం తేలికపడింది. ఇరవై నాలుగు మెట్లు తప్పాయి. అదే అనుకున్నాను, ఉన్నమాట దాచడమెందుకు.

ఎనిమిదింటికి వీధి మొదలుపెట్టాను. ఎర్ర పలకలు చాలానే ఉన్నాయి. ఒక ఇంటావిడ పిల్లి దొరకడం లేదంది. పిల్లి దొరికేసరికి మొగుడు కనపడలేదు. ఒకాయన కిటికీ చెక్కలు లోపలి నుంచి బిగించుకుని బయటికి వచ్చే దారి మూసుకున్నాడు. పెరటి వైపు నుంచి వెళ్ళి విప్పించాను. ఇంకో ఇంట్లో ముసలాయన సంచీ తెరిచి చూస్తే మూడు రోజుల బట్టలకు బదులు పాత రేడియో ఉంది. అందరిదీ ఒకటే మాట, "మళ్ళీనా?" అని. ఆ మాటకు నా దగ్గర జవాబు అయిపోయి చాలా రోజులైంది. "మళ్ళీనే" అంటూ బండి ఎక్కించాను.

సెలూన్ ఆయన ఇంటికి తెల్ల పలక ఉంది. లోపల టీవీ మోగుతోంది. మూడోసారి నుంచి ఇదో కొత్త తెలివి వచ్చింది జనానికి, పలక తిప్పేసి లోపల గప్‌చుప్‌గా కూర్చోవడం. పద్ధతి ప్రకారం నేను ముందుకు పోవాలి. పోలేదు. అరచేత్తో తలుపు బాదాను. టీవీ టక్కున ఆగింది. కాసేపటికి ఆయన తలుపు సందులోంచి మొహం పెట్టాడు.

"పలక చూడలేదా మేడమ్?"

"చూశాను. టీవీ కూడా విన్నాను. ఎవరు చూస్తున్నారు, బల్లులా?"

"నాలుగోసారి మేడమ్! నాన్నా పులి కథ మేమూ చదువుకున్నాం."

"చివరిదాకా చదివావా? చివర్లో పులి వస్తుంది. పద."

గొణుక్కుంటూనే పెళ్ళాం పిల్లలతో బయటికి వచ్చాడు. సంచీ మాత్రం చక్కగా సర్దుకున్నాడు. పైన కళ్ళజోడు పెట్టి ఉంది.

వీధి చివరికి చేరేసరికి పన్నెండు దాటింది. బూట్లలో నీళ్ళు దిగి నడుస్తుంటే పిచికారీ కొట్టినట్టు చప్పుడవుతోంది. చివరి ఇంటి వీధి తలుపు పక్కన రెండు పలకలూ తెల్లగా ఉన్నాయి, పైన పిన్నిది, కింద టైలరమ్మది. తలెత్తి పైకి చూశాను. మేడ మీద వీధి వైపు కిటికీ అద్దం మసకగా ఉంది. ఆవిరి పట్టి ఉంది.

పొద్దుట్నుంచి ఖాళీగా ఉన్న ఇంటి అద్దానికి ఈ చలిలో ఆవిరి పట్టదు. ఈ సంగతి నాకు తెలుసు. నాకు ఈ ఉద్యోగం నేర్పినామె కిటికీయే అది, నాకు తెలియకుండా ఎలా ఉంటుంది? అయినా, పొద్దున్నే టీ పెట్టుకుని ఉంటుంది, ఆ ఆవిరి ఇంకా ఆరలేదేమో అనుకున్నాను. వాన తెర అయ్యుంటుందేమో అని కూడా అనుకున్నాను. మనసు పని ఎగ్గొట్టాలనుకున్నప్పుడు సాకులకు లోటుండదు. కళ్ళ ముందు ఆ మెట్లు కనపడ్డాయి. తెల్ల పలక ఉన్న ఇల్లు తట్టకూడదు అన్న మాట గుర్తొచ్చింది. గంట కిందట సెలూన్ ఆయన తలుపు బాదినప్పుడు గుర్తు రాని మాట అది.

ఆ పలక తెల్లగా ఉన్నందుకు నాకు హాయిగా అనిపించింది.

పుస్తకం తీసి రెండిళ్ళకూ టిక్కు పెట్టాను. అరవై ఒకటికి అరవై ఒకటి. కింద సంతకం చేసి, టైము పన్నెండూ ఇరవై అని రాశాను. తాపీ బండి స్టార్ట్ చేసి, "ఇదేంటక్కా, ఈసారి ఇంత తొందరగా అయిపోయింది?" అన్నాడు. "జనానికి బుద్ధొచ్చింది" అన్నాను.

గుమాస్తాకు పుస్తకం అప్పగించి, దుప్పట్ల పంపకం చూసి, బడి హాల్లో కూర్చునేసరికి రెండుంబావు అయింది. హాలంతా తడి బట్టల వాసన. పిల్లలు బెంచీల మీద ఎక్కి దూకుతున్నారు. గాలి అప్పటికే పైకప్పు రేకులను పట్టి ఊపుతోంది. మూడు తుఫాన్లలోనూ లేని చప్పుడది. టీ గ్లాసు పట్టుకుని పిన్ని ఎక్కడుందా అని చూస్తుంటే టైలరమ్మ ఎదురొచ్చింది.

"పిన్నిగారేరి? మీ ఇంట్లో దింపారా?" అంది.

నాకు అర్థం కాలేదు. "మీతోనే కదా వచ్చింది?"

"మాతోనా? లేదే! 'మా అక్క కూతురు కార్లో వచ్చి తీసుకెళ్తుంది, మీరు బయల్దేరండి' అన్నారు. మేం దించుతామంటే ఒప్పుకోలేదు. వెళ్తూ వెళ్తూ నా పలకతో పాటు తన పలక కూడా తిప్పెయ్యమన్నారు, కర్ర వదిలి తిప్పలేనమ్మా అని." టైలరమ్మ నా మొహం చూసి ఆగిపోయింది. "మీరు... వెళ్ళలేదా?"

"మీ అల్లుడు?"

"మా అల్లుడు ఇక్కడ లేడు కదండీ. ఓడ మీద ఉన్నాడు, నాలుగు నెలలైంది."

ఫోన్ చేశాను. స్విచాఫ్. అప్పుడు నాకు ఆ చివరి మెట్టు, నేను అన్న మాట, ఆమె తల ఊపడం, మూడూ ఒకేసారి గుర్తొచ్చాయి. నాలుగిళ్ళు. ముప్ఫై ఏళ్ళు ఈ వీధిని లెక్కలేసి ఖాళీ చేయించిన మనిషి, తనను కూడా ఆ లెక్కలో వేసుకుంది. తను ఒక్కతి అటు, నాలుగిళ్ళు ఇటు. లెక్క కచ్చితంగా తేలింది, తనను తీసేసుకుంది.

టీ గ్లాసు ఎక్కడ పెట్టానో గుర్తులేదు. "తాపీ!" అని నేను అరిచిన అరుపుకు హాలంతా తిరిగి చూసింది. చెప్పగానే వాడు బండి వైపు పరుగందుకున్నాడు. తాపీ పరిగెత్తడం నేను మొదటిసారి చూసింది ఆ రోజే.

గేటు దగ్గర కాపలా ఆయన దాన్ని మూసే చక్రం పక్కన నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. నిక్కచ్చి మనిషి. సొంత తండ్రి వచ్చినా నిమిషం ఇవ్వడని పేరు.

"రెండూ ముప్ఫై అయిదు" అన్నాడు. "మూడింటికి మూసేస్తాను మేడమ్. మీకు తెలుసు."

"తెలుసు."

"తెలిసి వెళ్తున్నారా?"

"పిన్ని ఉండిపోయింది."

ఆయనకు పిన్ని తెలుసు. ఆ చక్రం తిప్పడం నేర్పింది కూడా ఆమే. పక్కకు తప్పుకున్నాడు.

వీధిలో నీళ్ళు పిక్కల దాకా ఉన్నాయి. కాలవలు ఎదురు తన్నుతున్నాయి. బండి సగం వీధిలో మొరాయిస్తుందేమోనని తాపీ అక్కడే ఆపాడు. కుర్చీ భుజాన వేసుకుని ఇద్దరం చివరిదాకా నడిచాం. గాలికి నిలబడటమే కష్టంగా ఉంది. వీధి తలుపు తోసి, ఆ ఇరవై నాలుగు మెట్లూ ఎక్కాను. మోకాళ్ళు నొప్పెట్టాయో లేదో తెలియదు.

పైన తలుపుకు గడియ లేదు. చెయ్యి వెయ్యగానే తెరుచుకుంది.

పిన్ని కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది. కోటు వేసుకుని గుండీలు మెడ దాకా పెట్టుకుంది. కాళ్ళకు బూట్లున్నాయి. ఒళ్ళో సంచీ ఉంది. స్టవ్వు మీద గిన్నెలో నీళ్ళు మరిగి మరిగి అడుగంటాయి, చలికి వెలిగించుకున్నట్టుంది.

"ఎందుకొచ్చావే? టైమెంతయిందో తెలుసా?" అంది.

"తెలుసు. నోరు మూసుకుని ఈ కుర్చీలో కూర్చో."

జీవితంలో ఆమెతో అలా మాట్లాడలేదు. ఆమె నోరు మూసుకుని కూర్చుంది. గ్యాసు కట్టి, బెల్టులు బిగించాం. తాపీ కింద పట్టుకున్నాడు, నేను పైన పట్టుకున్నాను. వాడు ఈసారి గోడ గురించి ఏమీ అనలేదు. గోడకు నా మోచేతులు చెక్కుకుపోయాయి. పదకొండు నిమిషాల్లో దించాం. అరగంట పడుతుందని ఎవరన్నారో వాళ్ళ నోట్లో మన్ను పడ.

వీధిలోకి వచ్చాక కుర్చీని ఇద్దరం భుజాల ఎత్తున మోశాం. నీళ్ళు మోకాళ్ళు దాటాయి. పిన్ని బరువేమీ లేదు. ఎప్పుడు ఇంత తేలికైపోయిందో నేను చూసుకోనేలేదు.

గేటు దగ్గరికి వచ్చేసరికి మూడూ అయిదు. గేటు సగం మూసి, బండి పట్టేంత సందు వదిలి, కాపలా ఆయన చక్రం ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"చక్రం బిగుసుకుపోయింది మేడమ్. అయిదు నిమిషాల నుంచి తిరగట్లేదు" అన్నాడు, మా వైపు చూడకుండా.

మేం దాటగానే చక్రం వెన్నలా తిరిగింది.

బండి వెనక సీట్లో పిన్ని పక్కన కూర్చున్నాను. ఇద్దరి ఒళ్ళూ వణుకుతున్నాయి. ఆమె చేతిని నా రెండు చేతుల మధ్యా పెట్టుకుని రుద్దుతున్నాను.

"మిగతా ఇళ్ళన్నీ అయ్యాయా?" అంది.

"అయ్యాయి."

"సెలూన్ వాళ్ళు? వాడు దొంగ వెధవ, పలక తిప్పి కూర్చుంటాడు."

"తలుపు బాది లేపాను."

"మంచిది." రెండో చేత్తో ఒళ్ళోని సంచీ సర్దుకుంది. "మధ్యాహ్నం మా ఇంటి ముందుకొచ్చావు కదూ?"

"వచ్చాను."

"పలక చూసి వెళ్ళిపోయావు."

దాచదలచుకోలేదు. "పలక ఒక్కటే చూళ్ళేదు పిన్నీ. అద్దం మీద ఆవిరి కూడా చూశాను. చూసే వెళ్ళిపోయాను. మెట్లెక్కే ఓపిక లేక వెళ్ళిపోయాను."

బండి మలుపు తిరిగింది. ముందు సీట్లో తాపీ గేరు మార్చాడు.

"నేనూ నిన్ను చూశానే" అంది పిన్ని. "ఆ అద్దం వెనకే నిలబడ్డాను. నువ్వు తలెత్తి చూసినప్పుడు పిలుద్దామనిపించింది. నోటిదాకా వచ్చింది. ఆపుకున్నా. నువ్వు పుస్తకంలో రాసుకుని వెళ్ళిపోతుంటే, పోన్లే, నేను నేర్పింది బాగానే నేర్చుకుంది అనుకున్నా."

"మరి తలుపు గడియ ఎందుకు తీసి పెట్టావు?"

నా చేతుల మధ్య ఉన్న చెయ్యి నా వేళ్ళను గట్టిగా పట్టుకుంది. డెబ్భై ఎనిమిదేళ్ళ చేతికి అంత బలం ఎక్కడిదో. హాలు వచ్చేదాకా వదల్లేదు.

హాల్లో మా వాళ్ళు ఒక మూల మంచం వేసి దుప్పట్లు కప్పారు. టైలరమ్మ కళ్ళు తుడుచుకుంటూ వేడి నీళ్ళు తెచ్చింది. నేను రిజిస్టరు బల్ల దగ్గరికి వెళ్ళాను. గుమాస్తా పుస్తకం తెరిచి వేలు పెట్టి వెతికాడు.

"ఆవిడ పొద్దున్నే వెళ్ళిపోయినట్టుంది కదా మేడమ్? చివరి ఇల్లు, మేడ మీది వాటా. పన్నెండూ ఇరవై. మీ సంతకమే."

నా సంతకమే. తోక కూడా వంకర పోకుండా చక్కగా ఉంది. నేను పెట్టిన ఆ టిక్కును నమ్మి ఈ ఊళ్ళో ఎవరూ ఆమె కోసం వెళ్ళేవాళ్ళు కాదు. టైలరమ్మ ఒక్క మాట అడక్కపోతే, రెండు రోజుల తర్వాత గేటు తెరిచినప్పుడు నాకు తెలిసేది.

"కొట్టేసి మళ్ళీ రాయాలి" అన్నాను.

"కొట్టేస్తే కారణం రాయాలండీ. ఇదిగో, ఈ గడిలో."

పెన్ను తీసుకున్నాను. టిక్కు కొట్టేసి మూడూ ఇరవై అని వేశాను. కారణం అన్న గడిలో ఏం రాయాలో తోచక కాసేపు నిలబడ్డాను. పొరపాటు అని రాయొచ్చు. పలక తప్పుగా తిప్పారు అని రాయొచ్చు, అది అబద్ధం కూడా కాదు. చివరికి రెండే మాటలు రాశాను. తలుపు తట్టలేదు.

పుస్తకం మూయబోతుంటే మూల మంచం మీది నుంచి కేక వినపడింది.

"ఏం రాశావే? ఇలా తే."

గుమాస్తా కంగారుపడ్డాడు. రిజిస్టరు ఆ బల్ల దాటి పోకూడదు. ఆ నియమం పెట్టింది కూడా ఆమేనని చెప్పి తీసుకెళ్ళాను. పిన్ని సంచీలోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని చదివింది. ఒకసారి చదివి, మళ్ళీ చదివింది. పైకప్పు మీద రేకులు మోగుతున్నాయి. ఊరు మొత్తం గాలి హోరులో ఉంది.

"నీ రాత ఇంకా కోడి కెలికినట్టే ఉందే" అంది. పుస్తకం మూసి నా చేతికిచ్చింది.

తర్వాత దుప్పటి ఎత్తి, తుంటి నొప్పికి పళ్ళు బిగించుకుంటూ, మంచం అంచుకు జరిగింది.

"బూట్లు విప్పి కాసేపు పడుకో" అంది. "ఇంక తట్టాల్సిన ఇళ్ళు లేవు."